దత్తతకు ఇల్లు చూస్తారు, సరోగసీకి ఎందుకు చూడరు?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, సమాధానమంతా దాని చుట్టూనే తిరుగుతుంది కనుక. మీ అక్కగారూ బావగారూ దత్తత కోసం కారాలో, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, పేరు నమోదు చేసుకొని నాలుగేళ్లు దాటింది. నమోదైన కొత్తలోనే ఒక సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి, జీతం చీటీల దగ్గర నుంచి మీ బావగారి తల్లి అభిప్రాయం వరకు అన్నీ అడిగి రాసుకొని వెళ్లారు. ఈలోగా మీ బావగారి సహోద్యోగి దంపతులకు సరోగసీ ద్వారా, అంటే వారి బిడ్డను మరొక స్త్రీ మోసి కనివ్వగా, పాప పుట్టింది. వారి గుమ్మం ఎవరూ ఎక్కలేదు, వారి నడవడి గురించి ఎవరూ ఆరా తీయలేదు. రెండు ఇళ్లకూ వచ్చేది పసిబిడ్డే అయినప్పుడు ఒకరికి అంత విచారణ, ఇంకొకరికి ఏమీ లేకపోవడం ఏమిటని, సరోగసీకి కూడా దత్తతకు చేసే తనిఖీలన్నీ పెట్టాలా అని మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా దత్తత కోరే దంపతుల ఇళ్లకు వెళ్లి నివేదికలు రాసిన మనిషిని. ఆ ఉద్యోగం మానేశాక కొంతకాలం ఒక సంతాన సాఫల్య కేంద్రంలో కౌన్సెలర్‌గా ఉండి, సరోగసీకి వచ్చే కుటుంబాలతో మాట్లాడాను. రెండు చోట్లా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: సరోగసీకి తనిఖీ ఉండాలి, అయితే దత్తత తనిఖీని ఉన్నదున్నట్టుగా తెచ్చి దానికి తగిలించడం పొరపాటు. దత్తత నివేదికలోని ఒకటి రెండు అంశాలు తీసుకొని, మిగిలినవి వదిలేసి, దత్తతలో అసలు అవసరమే లేని మరో రెండు అంశాలు కలపాలి. ఎందుకో చెప్పాలంటే ఆ ఇంటి పరిశీలన దేనికోసం పుట్టిందో చూడాలి.

దత్తతకు వెళ్లే బిడ్డ అప్పటికే ఈ లోకంలో ఉంటుంది. అనాథ అయ్యో, ఎవరో వదిలేసి వెళ్తేనో, కన్నవారే అప్పగిస్తేనో శిశు గృహకు చేరిన ఆ బిడ్డను బాలల సంక్షేమ సమితి దత్తతకు అర్హురాలిగా ప్రకటించాక, ఆమెకు పెద్ద దిక్కు ప్రభుత్వమే. పిల్లనిచ్చేవాళ్లు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దలంటారు. ఆ చూడవలసిన బాధ్యత ఇక్కడ ప్రభుత్వం మీద పడుతుంది, ఎందుకంటే ఇస్తున్నది అదే. 2022 నాటి దత్తత నిబంధనలు ఈ దృష్టితోనే ఉన్నాయి. కోరేవారు శారీరకంగా, మానసికంగా, ఆర్థికంగా సమర్థులై ఉండాలి, ప్రాణాంతక వ్యాధి ఉండకూడదు, ఏ నేరంలోనూ శిక్ష పడి ఉండకూడదు, బాలల హక్కుల ఉల్లంఘన కేసులోనైతే నిందితులుగా కూడా ఉండకూడదు. దంపతులకు కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు. పత్రాలన్నీ అందాక 60 రోజుల్లో ఇంటి పరిశీలన పూర్తి చేయాలి. బిడ్డ ఇంటికి చేరాక కూడా ఆరు నెలలకొకసారి చొప్పున రెండేళ్లపాటు వచ్చి చూసి వెళ్తారు.

ఇంటి పరిశీలన అనగానే చాలామంది పోలీసుల సోదాలాంటిదాన్ని ఊహించుకొని, మేము వెళ్లే రోజుకు గోడలకు సున్నం కూడా వేయించిన సందర్భాలున్నాయి. నిజానికి మేము చూసేది గోడలను కాదు. గోదావరి ప్రాంతంలోని ఒక పట్టణంలో నేను వెళ్లిన ఇల్లొకటి చెబుతాను. భర్త అధ్యాపకుడు, భార్య బ్యాంకు ఉద్యోగి, కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ ముందే చదువుకున్నట్టు జవాబు చెప్పారు. కాఫీ ఇవ్వడానికి వచ్చిన అత్తగారు గ్లాసు నా చేతికిస్తూ, "ఏ కులంలో పుట్టిన పిల్లో మీరైనా చెప్పగలరా అమ్మా?" అని అడిగారు. గది నిశ్శబ్దమైపోయింది. కోడలు భర్త వైపు చూసింది, ఆయన ఫ్యాను వైపు చూశాడు. ఆ ఒక్క నిమిషమే నాకు ఆ ఇంటి నివేదిక. నేను వారిని తిరస్కరించలేదు. అత్తగారు లేకుండా ఒకసారి, అత్తగారితోనే విడిగా ఒకసారి మాట్లాడాలని, అంతవరకు నివేదిక ముగించనని చెప్పి వచ్చాను. దానికి చాలా వారాలు పట్టింది. ఆ దంపతులు తమ మధ్య ఎన్నడూ ఎత్తుకోని మాటను ఆ వారాల్లో ఎత్తుకున్నారు. చివరిసారి వెళ్లినప్పుడు ఆ పెద్దావిడ, రెండేళ్ల పిల్ల అయితే పచ్చడి మెతుకులు తింటుందా, పాలు మాన్పించి ఉంటారా అని అడిగారు. నేను ఆ ప్రశ్నను నివేదికలో అలాగే రాశాను.

అందుకే నేను ఇంటి పరిశీలనను వడపోతగా కంటే సంభాషణగానే ఎక్కువ విలువ కడతాను. నా సర్వీసులో నేరుగా "తగరు" అని రాసినవి బహు కొద్ది. ఆలస్యం చేసినవి, మరోసారి ఆలోచించుకోమన్నవి చాలా ఉన్నాయి. సరోగసీ గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. "దత్తతకు ఉన్న తనిఖీలు" అంటున్నాం కానీ, ఏ దత్తతకు? మన ఊళ్లలో ఇప్పటికీ పిల్లలు లేని అన్నకు తమ్ముడు తన రెండో కొడుకును ఇస్తాడు, మేనమామ మేనకోడలిని తెచ్చుకుంటాడు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద ఇచ్చిపుచ్చుకోవడం జరిగి, సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇరువైపులవారూ సంతకాలు చేసిన పత్రం రిజిస్టరయితే, అది చెల్లుతుందనే న్యాయస్థానం భావిస్తుంది. దానికి ఇంటి పరిశీలన అక్కరలేదు, నేర చరిత్ర అడిగేవారు లేరు, తరువాత చూసి వెళ్లేవారూ లేరు. అంటే దేశంలో దత్తతలన్నీ గట్టి విచారణ మీద, సరోగసీ ఒక్కటే విచారణ లేకుండా జరుగుతున్నాయన్న చిత్రం సరికాదు. శిశు గృహ నుంచి వచ్చే బిడ్డకే ఆ రక్షణ, కుటుంబంలోనే చేతులు మారే బిడ్డకు లేదు. బంధువుల మధ్య అంతా తెలిసినదే కదా అన్నది దానికి చెప్పే కారణం. తెలిసిన ఇంట్లోనే పిల్లలకు హాని జరిగిన ఉదంతాలు చూసినదాన్ని కనుక ఆ కారణాన్ని నేను పూర్తిగా నమ్మను, అయితే అది వేరే చర్చ.

ఇక సరోగసీ. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ నియంత్రణ చట్టం డబ్బు తీసుకొని గర్భం మోయడాన్ని నిషేధించింది. పత్రికలు ఇంకా "అద్దె గర్భం" అనే రాస్తున్నాయి కానీ అద్దె పుచ్చుకోవడం ఇప్పుడు నేరం. వైద్య ఖర్చులు, బీమా తప్ప సరోగేట్ తల్లికి ప్రతిఫలం ఉండకూడదు. కోరే దంపతులకు జిల్లా మెడికల్ బోర్డు సరోగసీ అవసరమైన వైద్య కారణం ఉందని ధ్రువీకరించాలి. భార్య వయసు 23 నుంచి 50, భర్త వయసు 26 నుంచి 55 మధ్య ఉండాలి. కన్నదైనా, దత్తత తెచ్చుకున్నదైనా అప్పటికే బిడ్డ ఉండకూడదు, తీవ్రమైన వైకల్యమో నయంకాని ప్రాణాంతక వ్యాధో ఉన్న బిడ్డ విషయంలో మాత్రం మినహాయింపు. వితంతువులకు, విడాకులు పొందినవారికి వయసు 35 నుంచి 45. సరోగేట్ తల్లి 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న, పెళ్లయి తన బిడ్డ ఉన్న స్త్రీ అయి ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఆ పని చేయాలి, తన అండాన్ని ఇవ్వకూడదు. ఆమెకు 36 నెలల బీమా చేయించాలి. పుట్టబోయే బిడ్డ ఎవరి బిడ్డ అవుతుందో, ఎవరి సంరక్షణలో ఉంటుందో ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు ముందే ఉత్తర్వు ఇవ్వాలి.

ఇన్ని షరతులున్నాయి కనుక మీ బావగారి సహోద్యోగిని ఎవరూ ఏమీ అడగలేదనడం సరి కాదు, ఆయన కూడా కార్యాలయాల చుట్టూ తిరిగే ఉంటారు. కానీ పై షరతులను మరోసారి చదవండి. అన్నీ కోరేవారికి బిడ్డ అవసరం ఉందా, వారు ఆ వరుసలో నిలబడడానికి అర్హులా అనే అడుగుతున్నాయి. వయసు, పెళ్లి, గర్భాశయం, ఇదివరకు పిల్లలున్నారా, ఇవే. పిల్లలపై నేరానికి ఎప్పుడైనా శిక్ష పడిందా అన్న ప్రశ్న వాటిలో లేదు. భార్యను కొట్టి కేసు ఎదుర్కొంటున్నవాడా అన్నదీ లేదు. 54 ఏళ్ల వయసులో, పాతికేళ్ల కింద ఒక చిన్నపిల్లపై అత్యాచారం చేసి శిక్ష అనుభవించి వచ్చిన వ్యక్తి ఈ షరతులన్నీ నెరవేర్చగలడు. 56 ఏళ్ల వయసున్న, మచ్చలేని ఉపాధ్యాయుడు నెరవేర్చలేడు. చట్టం అమల్లోకి రాకముందే పిండాలను భద్రపరచుకున్న దంపతులకు ఈ వయోపరిమితి వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చిందంటే, వయసు గురించి ఎంత పోరాటం జరిగిందో తెలుస్తుంది. నేర చరిత్ర గురించి అంత పట్టుదలగా ఎవరైనా కొట్లాడడం నేను చూడలేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2013 చివర్లో థాయ్‌లాండ్‌లో ఒక సరోగేట్ తల్లి కవలలను కన్నది. ఆస్ట్రేలియా దంపతులు ఆడబిడ్డను తీసుకువెళ్లారు, డౌన్ సిండ్రోమ్ ఉన్న మగబిడ్డ ఆ తల్లి దగ్గరే ఉండిపోయాడు. 2014లో ఆ వార్త ప్రపంచమంతా పాకాక బయటపడిన సంగతి ఏమిటంటే, ఆ తండ్రికి 1990లలో చిన్నపిల్లలపై లైంగిక నేరాలకు శిక్షలు పడి ఉన్నాయి. 2016లో పశ్చిమ ఆస్ట్రేలియా కుటుంబ న్యాయస్థానం, బాబును వారు వదిలేసి వెళ్లారన్నది నిజం కాదని తేల్చింది, పాపను వారి దగ్గరే ఉంచుతూ, ఆయనతో ఆమెను ఒంటరిగా ఉంచకూడదన్నట్టి షరతులు పెట్టింది. న్యాయమూర్తి ముందు అప్పటికి వేరే మంచి దారి లేదు, రెండేళ్ల పిల్ల అప్పటికే ఆ ఇంటికి అలవాటుపడిపోయింది. ఆ ఒక్క ప్రశ్న గర్భధారణకు ముందు అడిగి ఉంటే న్యాయస్థానం దాకా వచ్చేది కాదు. అందుకే నేర చరిత్ర విచారణ ముందే జరగాలంటాను. పుట్టాక చేసే విచారణ ఏం తేల్చినా బిడ్డను ఎక్కడికి పంపాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

2014లోనే, అదే దేశంలో మరొక ఉదంతం బయటపడింది. ఒక జపాను ధనవంతుడు పలువురు సరోగేట్ తల్లుల ద్వారా కనీసం 16 మంది పిల్లలను కన్నాడని తేలింది. అతని మీద నేరారోపణలేవీ నిలవలేదు. 2018లో బ్యాంకాక్ న్యాయస్థానం 13 మంది పిల్లల సంరక్షణను అతనికే అప్పగించింది. పోలీసు రికార్డు ఎంత తిరగేసినా అతని విషయంలో ఏమీ దొరికేది కాదు. ఒక గదిలో కూర్చోబెట్టి, ఇంతమంది దేనికయ్యా, వీళ్లను ఎవరు పెంచుతారు అని అడిగే మనిషి అక్కడ కావాలి. కాగితం విచారణ, మనిషితో మాట వేరు వేరు పనులు చేస్తాయని నేను చెప్పేది ఇందుకే.

మరి అలాంటప్పుడు దత్తత పద్ధతినే మొత్తంగా పెట్టేస్తే పోదా అని మీరనవచ్చు. అది సరిపడదని మన దేశంలోనే ఒకసారి రుజువైంది. 2008 జనవరిలో గుజరాత్‌లోని ఆణంద్‌లో జర్మనీ దంపతులకు సరోగసీ ద్వారా కవలలు పుట్టారు. జర్మనీ సరోగసీని గుర్తించదు కనుక ఆ కవలలకు వీసా ఇవ్వలేదు. గుజరాత్ హైకోర్టు, ఆ తరువాత సుప్రీంకోర్టు చుట్టూ తిరిగాక చివరికి దత్తత మార్గమే శరణ్యమైంది. కానీ అనాథో, పరిత్యక్తో, అప్పగించబడిన బిడ్డో అయితేనే కారా నిబంధనలు వర్తిస్తాయి, ఆ కవలలు మూడింటిలో ఏదీ కారు. కన్నతండ్రి ఎదురుగా ఉండగా పిల్లలను ఎవరు వదిలేశారని రాయాలి? ప్రత్యేక సందర్భంగా పరిగణించి 2010లో వారిని పంపించారు. ఆ తలుపు ఆ పిల్లల కొలతకు కట్టింది కాదు.

అసలు తేడా ఏమిటంటే, దత్తతలో ఉన్న బిడ్డకు ఇల్లు వెతుకుతాం, సరోగసీలో విచారణ సమయానికి బిడ్డ లేదు. పదిమందిలో ఎవరి ఇల్లు మేలో ఎంచడానికి అక్కడ ఏమీ లేదు, ఆ దంపతులకు ఆ బిడ్డ కలగాలా వద్దా అన్నదే మిగులుతుంది. ఆ ప్రశ్నను ప్రభుత్వం చేతిలో పెట్టడానికి నేను భయపడతాను. ఆదాయం, ఇంటి వైశాల్యం, అత్తగారి మనస్తత్వం చూసి ఎవరు కనవచ్చో నిర్ణయించే అధికారం వచ్చిందంటే, అది ఎవరి మీద ముందు పడుతుందో తెలియనిది కాదు. పక్కింట్లో సహజంగా గర్భం దాల్చిన దంపతులను అలా అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. గర్భాశయం లేకుండా పుట్టినందుకో, క్యాన్సర్ వల్ల తీయించుకున్నందుకో ఒక స్త్రీ తన వంటగది చూపించుకోవాలా? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2008 నాటి చట్టంతో టెస్ట్‌ట్యూబ్ చికిత్సకు వచ్చే అందరికీ పోలీసు విచారణ తప్పనిసరి చేసింది. అది చికిత్స కోసం వచ్చినవారిని అనుమానితులుగా చూస్తోందన్న విమర్శలు పెరిగి, 2020లో ఆ చికిత్స వరకు దాన్ని తొలగించారు. ఆ విమర్శలో న్యాయం ఉంది.

అయితే సరోగసీ మామూలు టెస్ట్‌ట్యూబ్ చికిత్స కూడా కాదు. మధ్యలో మూడో మనిషి ఉంది. తొమ్మిది నెలలు మోసేది ఆమె, ప్రాణం పణంగా పెట్టేది ఆమె. ఈ చట్టం కింద ఆమె ఆరోగ్యం, మనసు, పెళ్లి, సంతానం అన్నీ పరీక్షిస్తారు. తాను ఎవరికోసం మోస్తోందో వారి గతం ఆమెకు చెప్పేవారు లేరు. నన్నడిగితే నేర చరిత్ర విచారణకు అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. కోరేవారి తల్లిదండ్రుల హక్కు మీద ప్రభుత్వం తీర్పు చెప్పడం కన్నా, సమ్మతి ఇచ్చే స్త్రీకి తెలిసి ఇచ్చే అవకాశం కల్పించడం పెద్ద విషయం. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టే లోపు ఎప్పుడైనా సమ్మతి వెనక్కి తీసుకునే హక్కును చట్టమే ఆమెకు ఇచ్చింది. ఏమీ తెలియనిదానికి ఆ హక్కు ఎందుకు పనికొస్తుంది?

చట్టం "సుముఖంగా ఉన్న స్త్రీ" అని మాత్రమే అంటుంది, బంధువే అయి ఉండాలన్న నియమం తుది చట్టంలో లేదు. డబ్బు లేదు కనుక ఆచరణలో నా దగ్గరకు వచ్చినవారు మాత్రం చెల్లెళ్లో, మరదళ్లో, తోడికోడళ్లో. ఒక రోజు ఒక తోడికోడలు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, ఇంట్లో కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతుంది, నాలుగేళ్ల కొడుకున్నాడు. ఆమెతోపాటు అత్తగారు, పెద్ద తోడికోడలు, ఇద్దరి భర్తలు వచ్చి నా గదిలో ఉన్న కుర్చీలన్నీ నింపేశారు. ఆమెను ఏమడిగినా పెద్ద తోడికోడలే జవాబు చెప్పింది, "మా చిన్నది బంగారం మేడమ్, తనే ముందుకొచ్చింది" అని. అందరినీ బయటకు పంపి తలుపు వేశాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఆపరేషన్ చేస్తే మళ్లీ మిషన్ తొక్కగలనా అండీ?" తరువాతది: "పుట్టిన బిడ్డ అదే ఇంట్లో తిరుగుతుంటే మావాడికి ఏమని చెప్పాలి?" ఈ రెండూ ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదు, ఆమె అడిగితే వినేవారూ లేరు. కాదనమంటే కాదంటుందేమోనని నేను నేరుగానే అడిగాను. కాసేపు ఆలోచించి, కాదంటే ఈ ఇంట్లో ఎలా ఉండాలండీ అంది.

ఆ ధ్రువపత్రం మీద ఆమె మానసికంగా యోగ్యురాలని డాక్టరు ఒక్క మాట రాస్తే చాలు. ఆమె యోగ్యురాలే, పిచ్చిదేమీ కాదు. సమ్మతి స్వేచ్ఛగా ఉందా అన్న గడి ఆ కాగితంలో లేదు. నేను నా అభిప్రాయం విడిగా రాసి ఇచ్చాను. నాకు జీతం ఇచ్చేది ఆ కేంద్రమే, చికిత్స జరిగితే ఆదాయం వచ్చేదీ దానికే. నా కాగితం ఏమైందో తెలియదు, ఆ కుటుంబం మళ్లీ నా దగ్గరకు రాలేదు. సరోగసీ కేంద్రంలో కౌన్సెలర్ ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి, మంచిదే. కానీ పెళ్లి సంబంధం కుదిర్చి డబ్బు తీసుకునేవాడినే వరుడి గుణగణాలు విచారించి రమ్మన్నట్టుంది ఈ ఏర్పాటు. దత్తతలో ఇంటి పరిశీలన చేసేవారికి ఆ దంపతులకు బిడ్డ దక్కితే లాభమూ లేదు, దక్కకపోతే నష్టమూ లేదు. దత్తత నుంచి అరువు తెచ్చుకోవలసిన వాటిలో నేను మొదటగా కోరేది ఈ తటస్థతను.

దత్తత తనిఖీలు ఏమాత్రం పనికిరాని ప్రమాదం ఇంకొకటి ఉంది. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. సరోగసీ పేరుతో ఒక దంపతుల నుంచి సుమారు 35 లక్షలు తీసుకొని, వారి చేతిలో పెట్టిన బిడ్డ డీఎన్‌ఏ వారితో సరిపోలలేదని, పేద తల్లిదండ్రుల నుంచి కొన్న బిడ్డను తెచ్చి ఇచ్చారని పోలీసులు ఆరోపించారు. నిజానిజాలు న్యాయస్థానంలో తేలాలి. ఆ దంపతుల ఇల్లు నేను పరిశీలించి ఉంటే నిస్సంకోచంగా "తగినవారు" అని రాసేదాన్నేమో. అనుమానం వచ్చి పరీక్ష చేయించుకొని పోలీసుల దగ్గరకు వెళ్లింది వారే. అక్కడ లోపం కోరేవారిలో లేదు. పుట్టిన బిడ్డే ఆ గర్భం నుంచి వచ్చిన బిడ్డ అని, ఆ గర్భం మేజిస్ట్రేటు ఉత్తర్వులో పేరున్న స్త్రీదే అని నిర్ధారించేవారు ఎవరూ లేకపోవడంలో ఉంది. బిడ్డను అమ్మడానికి దత్తత పత్రం దొరకనప్పుడు సరోగసీ అనే పేరు అడ్డు పెట్టుకోవచ్చని తెలిసినవారు ఉన్నంతకాలం, పుట్టిన వెంటనే డీఎన్‌ఏ పరీక్ష, దాని ఫలితం కేంద్రానికి కాక నేరుగా జిల్లా అధికారికి చేరడం తప్పనిసరి చేయాలి.

నా చేతిలో ఉంటే ఏం చేస్తానో ఇప్పుడు చెప్పగలను. కొత్త కార్యాలయం ఏదీ పెట్టను. తల్లిదండ్రుల హోదాపై ఉత్తర్వు కోసం దంపతులూ సరోగేట్ తల్లీ ఎలాగూ మేజిస్ట్రేటు ముందుకు వస్తారు. ఆ దరఖాస్తుకు రెండు కాగితాలు జోడించాలంటాను. ఒకటి పోలీసుల నుంచి: పిల్లలపై నేరాలు, లైంగిక నేరాలు, మనుషుల అక్రమ రవాణా, గృహహింస, ఈ నాలుగింటిలో శిక్ష పడిందా లేదా అన్నంతవరకే. లైంగిక నేరస్థుల జాతీయ సమాచార నిధి 2018 నుంచి పోలీసుల దగ్గర ఉంది కనుక ఇది అసాధ్యమేమీ కాదు. దత్తత నిబంధనల్లో ఉన్నట్టు "ఏ నేరమైనా" అని పెట్టను, పొలం గట్టు తగాదాలో పడిన శిక్షకూ బిడ్డను పెంచడానికీ సంబంధం లేదు. రెండోది, జిల్లా బాలల సంరక్షణ విభాగంలోని సోషల్ వర్కర్ నుంచి: సరోగేట్ తల్లితో ఒంటరిగా ఒకసారి, దంపతులతో ఒకసారి మాట్లాడి రాసిన రెండు పేజీలు. ఇల్లు చూడనక్కరలేదు, బ్యాంకు పుస్తకం అడగనక్కరలేదు. కవలలు పుడితే, వైకల్యంతో పుడితే, గర్భం మధ్యలో ఉండగా మీరిద్దరూ విడిపోతే ఏమిటన్న ప్రశ్నలు మాత్రం తప్పక అడగాలి. లోపం వల్లగానీ, ఆడపిల్ల అయినందువల్లగానీ, ఒకరికి మించి పుట్టినందువల్లగానీ బిడ్డను వదిలేయడాన్ని చట్టం నిషేధించింది, పదేళ్ల వరకు జైలు శిక్ష కూడా పెట్టింది. ఆ సెక్షన్ ఉందని నేను మాట్లాడిన దంపతుల్లో చాలామందికి తెలియదు.

బ్రిటన్‌లోనూ ఆలోచన ఇదే దిశలో నడుస్తోంది. అక్కడ ఇప్పటివరకు బిడ్డ పుట్టాక న్యాయస్థానం ఉత్తర్వు ఇస్తుంది, దానికి ముందు న్యాయస్థానం తరఫున ఒక అధికారి కుటుంబాన్ని కలుస్తారు. 2023లో చట్టాల్లో మార్పులు సూచించే అక్కడి న్యాయ కమిషన్లు ఆ విచారణను, నేర చరిత్ర పరిశీలనతో సహా, గర్భధారణకు ముందుకు జరపాలని సిఫారసు చేశాయి.

పోలీసు విచారణ అంటే మన దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలియక కాదు. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌కు టీ డబ్బులిచ్చిన అనుభవం మనందరికీ ఉన్నదే. సరోగసీ విషయం వీధిలో అందరికీ తెలిసిపోతుందన్న భయం కూడా సహజం, కొందరు దంపతులు గర్భం తామే దాల్చినట్టు చెప్పుకుంటారు. అందుకే ఇంటికి కానిస్టేబుల్‌ను పంపే పద్ధతి వద్దని, మేజిస్ట్రేటు కోరితే జిల్లా పోలీసు కార్యాలయం రికార్డు చూసి సీలు వేసిన కవరులో పంపితే చాలని అంటున్నాను. ఆ రికార్డులో దొరకని దుర్మార్గులు ఎందరో ఉంటారు. దత్తతలోనూ ఉంటారు.

పుట్టిన తరువాత రెండేళ్లపాటు వచ్చి చూడడం సరోగసీకి అవసరమని నేననుకోను. ఒక్కసారి మాత్రం వెళ్లాలి, అది కూడా ముందుగా ఆ కన్న స్త్రీ ఇంటికి. 36 నెలల బీమా ఆమె పేరున ఉంది సరే, కుట్లు మానాయా, మళ్లీ పనిలోకి వెళ్లగలుగుతోందా, పాలు ఎండడానికి మందు ఇచ్చారా అని కనుక్కునేవారు ఇప్పుడు ఒక్కరూ లేరు.

మీ అక్కగారి విషయంలో ఒకటి చూసుకోమనండి. ఇంటి పరిశీలన నివేదిక చెల్లుబాటు మూడేళ్లే. నమోదైన కొత్తలోనే అది పూర్తయిందంటున్నారు, నాలుగేళ్లు దాటిందంటున్నారు కనుక ఈపాటికి దాన్ని తిరిగి ధ్రువీకరించి ఉండాలి. కారా వారి నమోదు వెబ్‌సైటైన కేరింగ్స్ పోర్టల్‌లో తమ ఖాతా తెరిచి ఆ తేదీ ఏముందో చూసుకోమని, గడువు దాటి ఉంటే వెంటనే జిల్లా బాలల సంరక్షణ అధికారిని కలవమని చెప్పండి. వెళ్లేటప్పుడు బావగారి కొత్త జీతం చీటీ, ఇద్దరి తాజా వైద్య ధ్రువపత్రాలు వెంట ఉంచుకుంటే మళ్లీ తిప్పరు.